కాలు ఎత్తేదాకా ఆగండి

మా డాక్టర్ గారి బావగారిని వీధిలో అందరూ ఆగండి గారు అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, దానితో ఎవరికీ పని పడలేదు. ఎవరు ఏమడిగినా ఆయన ముందు "ఆగండి" అంటారు. భోజనం అయిందా అని అడిగినా అంతే. ఆగండి అని, నిజంగా అయిందో లేదో ఒకసారి ఆలోచించుకుని, అప్పుడు అయిందని చెబుతారు. ఈలోగా అడిగినవాళ్లు ఇంటికెళ్లి తమ భోజనం కానిచ్చేసి ఉంటారు.

నేను పళ్ల డాక్టర్ గారి దగ్గర సహాయకురాలిని. పరికరాలు అందించడం, చీటీలు రాయడం, భయపడేవాళ్ల చేతులు పట్టుకోవడం నా పని. ఓపిక పట్టడం మాత్రం నా పనుల్లో ఎవరూ చేర్చలేదు, నేనూ అడిగి చేర్పించుకోలేదు. అందుకని ఆగండి గారు మా క్లినిక్ గుమ్మం తొక్కినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

డాక్టర్ గారి తీరు బావగారికి పూర్తిగా ఎదురు. ఆయన ఊతపదం "అర్థమైంది". పేషెంట్లు నోరు తెరిచేది మాట్లాడటానికి కూడా అయి ఉండవచ్చని ఆయనకు ఎప్పుడూ తోచలేదు. చెయ్యి మాత్రం బంగారం. ఆయన పన్ను పీకితే పీకినట్టే తెలియదు. పైగా ఆయన పీకింది ఎప్పుడూ పాడైన పన్నే. నొప్పి పెడుతున్నది కూడా అదేనా అంటే, అది వేరే సంగతి. వారం తిరక్కుండా బుగ్గ పట్టుకుని మళ్లీ వచ్చినవాళ్లతో, మీకు రెండోది కూడా పాడైందని నాకు అప్పుడే తెలుసు అనేవారు. వాళ్లు కాదనడానికి నోరు తెరిస్తే ఆయన అందులోకి అద్దం పెట్టేవారు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక దర్జీ సగం పడుకుని ఉండగా మా కుర్చీ ప్రాణం పోయింది. పైకీ రాదు, కిందికీ పోదు. డాక్టర్ గారు ఒంగి, పక్కకు తిరిగి, చివరికి మోకాళ్ల మీద కూర్చుని పని ముగించారు. ఆ దర్జీ, డాక్టర్ గారు ఇద్దరూ నడుములు పట్టుకునే బయటికి వచ్చారు. విప్పి చూస్తే లోపలి సర్క్యూట్ బోర్డు మాడి మసైపోయింది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

ఆ కబురు ఎలా తెలిసిందో, మర్నాటికే కుర్చీల డీలరు దిగాడు. మెరిసే బూట్లు, చేతిలో రంగురంగుల బొమ్మల పుస్తకం. అందులో కుర్చీ మీద కూర్చుని నవ్వుతున్న అమ్మాయికి జన్మలో పళ్ల డాక్టరు అవసరం పడి ఉండదు. డాక్టర్ గారు రెండు పేజీలు తిప్పి, అర్థమైంది, కొనేద్దాం అన్నారు. డీలరు పనిలో పనిగా, కుర్చీలు అమ్మిపెట్టడానికి కరెంటు సంగతులు తెలిసిన మనిషి కావాలి, మీ ఎరికలో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

క్లినిక్ కింద, ఇల్లు పైన. డాక్టర్ గారు, ఆయన తండ్రి పైన ఉంటారు. అక్కగారు, ఆగండి గారు పక్క వీధిలో. ఆదివారం అందరూ కలిసి భోంచేస్తారు. నన్నూ పిలుస్తారు, పిలవకపోతే నేనే వెళ్తాను. ఆ ఆదివారం డాక్టర్ గారు మొదటి ముద్ద మింగకుండానే సంగతి బయటపెట్టారు. కొత్త కుర్చీ వస్తుంది, దాంతోపాటు బావకి డీలరు దగ్గర ఉద్యోగం. ఊరంతా తిరిగి కుర్చీలు అమ్మడమే పని. కోటు కూడా వాళ్లే ఇస్తారు.

"ఏమంటావ్ బావా?" అని అడిగారు.

ఆగండి గారు కలుపుతున్న అన్నం వదిలేసి, "ఆగు" అన్నారు.

"అర్థమైంది. బావ సరేనంటున్నాడు" అన్నారు డాక్టర్ గారు.

అక్కగారు గరిటె కింద పెట్టిన చప్పుడుకి నాకు పొలమారింది. తన భర్త ఎక్కడికీ వెళ్లడం లేదని, ఆ పాత కుర్చీనే బాగుచేస్తారని, చేస్తే కొత్త కుర్చీ మాటా ఉద్యోగం మాటా మళ్లీ ఈ ఇంట్లో ఎత్తకూడదని ఆవిడ తమ్ముడికి తేల్చి చెప్పింది. డాక్టర్ గారు నవ్వేశారు. శనివారం నాన్న పన్ను తీయాలి, ఆ రోజుకి కుర్చీ పనిచేస్తే సరే, చేయకపోతే సోమవారం నుంచి బావకి కోటే అన్నారు. మధ్యలో పెద్దాయన, అంటే వాళ్ల నాన్నగారు, తన పన్ను గురించి ఏదో చెప్పబోయారు. "అర్థమైంది నాన్నా, కుడివైపు పైపన్ను, నేను చూశాగా" అన్నారు కొడుకు. పెద్దాయన నోరు మూసుకుని మజ్జిగ తాగారు. ఆగండి గారు చెప్పాలనుకున్నదేదో చెప్పడానికి అప్పుడు నోరు తెరిచారు. అప్పటికి పందెం ఖాయమైపోయి, కంచాలు కూడా ఎత్తేస్తున్నాం.

ఆ మనిషికి పోయేదేమిటో తెలియాలంటే వాళ్ల వసారా చూడాలి. కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద టంకం పెట్టే కడ్డీ, తీగముక్కలు, గోరంత గోరంత చిప్పులు. ఆ చిప్పుల్ని మైక్రోకంట్రోలర్లు అంటారట. వాటిలోకి ప్రోగ్రాం రాసి ఎక్కిస్తే నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు ఆగుతుంది, గుడ్లు పొదిగే పెట్టెలో వేడి సరిగ్గా ఉంటుంది. చుట్టుపక్కల ఇలాంటి చిన్న చిన్న పనులన్నీ ఆయనవే. ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆయన ముఖం చూడాలి, పిల్లాడికి సెలవులు ఇచ్చినట్టు ఉంటుంది. ఆ మనిషికి కోటు తొడిగి గుమ్మం గుమ్మానికీ తిప్పితే కుర్చీలు అమ్ముడుపోవు సరికదా, మనిషి మిగలడు. ఈ మాట ఆయన మీద ప్రేమ కొద్దీ చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

సోమవారం పొద్దున్నే సంచీ తగిలించుకుని క్లినిక్‌కి వచ్చారు, మాడిన బోర్డు తీసేసి దాని చోట తన చిప్పు ఒకటి పెట్టారు. కుర్చీకి అంతకుముందు నాలుగు బటన్లు, కింద ఒక కాలి పెడల్ ఉండేవి, వాటిలో బతికి బట్టకట్టింది ఆ పెడల్ ఒక్కటే. ఒక్క పెడల్‌తో రెండు పనులు చేయించాలి. టక్కున నొక్కి వదిలితే కుర్చీ వీపు ఒక మెట్టు పైకి లేవాలి. నొక్కి అలాగే పట్టుకుంటే బల్లపరుపుగా పడుకోవాలి. ఇంతే కదా అన్నాను నేను. ఆగండి, అది అంత ఇంతే కాదు అన్నారు ఆయన.

పరీక్షకి కుర్చీలో మనిషి కావాలి. ఇంకెవరున్నారు, నేనే ఎక్కాను. ఆయన పెడల్‌ని ఒక్కసారి టక్కున నొక్కారు. ఒక మెట్టు లేవాల్సిన కుర్చీ ఆగకుండా దబదబా లేచి నన్ను నిట్టనిలువుగా కూర్చోబెట్టి, నుదుటిని పరికరాల పళ్లేనికి కొట్టింది. పట్టకార్లు, అద్దాలు నా ఒళ్లో పడ్డాయి. ఆయన గబుక్కున వంగి చూసింది పెడల్‌ని, నన్ను కాదు.

తర్వాత నాకు మంచినీళ్లిచ్చి సంగతి చెప్పారు. పెడల్ లోపల రెండు రేకులు ఉంటాయి. కాలు పెట్టగానే అవి ఒకదాన్నొకటి తాకి ఊరుకోవు, కుదురుకునే ముందు కాసేపు అదురుతాయి. వంటింట్లో స్టీలు మూత జారిపడితే గణగణమని మోగి మోగి ఆగదూ, అలాగన్నమాట. మన కంటికీ చెవికీ అందనంత తొందరగా జరిగే ఆ అదురుని చిప్పు మాత్రం ఒక్కొక్కటీ వేరే నొక్కుగా లెక్కపెట్టింది. అందుకని మొదటి తాకిడి తర్వాత కాస్త ఆగి, రేకులు కుదురుకున్నాక మళ్లీ చూడమని ప్రోగ్రాంలో రాశారు. చివరికి ఆ చిప్పుకి కూడా ఆగండి అనడం నేర్పారన్నమాట.

రెండో పరీక్షలో పెడల్ నొక్కి పట్టుకున్నారు. కుర్చీ మెత్తగా వెనక్కి వాలింది, హాయిగా పడుకోబెట్టింది. పోనీలే పాపం అనుకునేలోగా ఆయన కాలు తీశారు. కుర్చీ ఒక మెట్టు లేచి నా ముక్కుని పైనున్న దీపానికి పరిచయం చేసింది. ఈసారి తప్పు ఎక్కడో ఆయనకి వెంటనే తెలిసిపోయింది. కాలు లేచిందంటే చిన్న నొక్కు పూర్తయినట్టు అని చిప్పుకి చెప్పి ఉంచారు. పెద్ద నొక్కు పట్టిన కాలు కూడా ఎప్పుడో ఒకప్పుడు లేవాలి కదా. లేవగానే అది చిన్న నొక్కు పని కూడా చేసిపెట్టింది. ఒకసారి పడుకోబెట్టాక ఆ కాలు లేచినా పట్టించుకోవద్దని రాయడం ఈయన మరిచిపోయారు. రాసి మళ్లీ ఎక్కించారు. బుధవారానికి కుర్చీ ఆయన కాలు చెప్పినట్టల్లా వినసాగింది. అక్కగారు చూసి మురిసిపోయి తమ్ముణ్ణి పిలుచుకొచ్చింది.

డాక్టర్ గారు నన్ను కుర్చీలో పెట్టి పెడల్ తొక్కారు. పడుకోబెట్టాలని ఆయన ఉద్దేశం. కుర్చీ కదలకపోయేసరికి కాలు తీశారు, అది ఒక మెట్టు లేచింది. మళ్లీ తొక్కారు, మళ్లీ లేచింది. ఆయన పడుకోబెడదామనుకున్న కొద్దీ నేను లేచి కూర్చుంటున్నాను. ఆయనకి కోపం వస్తున్న కొద్దీ నాకు నవ్వొస్తోంది. తప్పు ఎక్కడంటే, నొక్కి పట్టడమంటే ఎంతసేపు అన్నది ఆగండి గారు తన కాలితో చూసుకుని, తనకి సబబనిపించినంత పెట్టారు. ఆయనకి సబబనిపించినంత సేపట్లో నేను అరడజను గ్లాసులు కడిగి బోర్లిస్తాను.

"కాలు పెట్టగానే పడుకోవాలి బావా. ఇంతసేపు ఏం ఆలోచిస్తోంది ఇది?" అన్నారు డాక్టర్ గారు.

"ఆగు. నువ్వు కాలు పెట్టగానే అది చిన్న నొక్కో పెద్ద నొక్కో దానికెలా తెలుస్తుంది? నువ్వు కాలు ఎత్తాలి, లేదా ఎత్తకుండా ఉండాలి. ఏదో ఒకటి తేలేదాకా అది ఏమీ అనకూడదు."

"అర్థమైంది. అచ్చం నీలాంటిదాన్నే తయారుచేశావు."

అక్కగారి ముఖం మాడిపోయింది. ఆగండి గారు మాత్రం కోపం తెచ్చుకోకుండా మూలనున్న స్టూలు మీద కూర్చుని, బావమరిది కాలి వంక రోజంతా చూశారు. సమయం తగ్గించి ఆ కాలికి సరిపోయేట్టు పెట్టారు. గురువారం పొద్దున అంతా బాగానే నడిచింది. మధ్యాహ్నం డాక్టర్ గారికి ఆకలేసింది, కాలు మారిపోయింది. ఆకలి మీద ఆయన నొక్కి పట్టడం, పొద్దున టక్కున నొక్కినదానికంటే పొట్టిగా ఉంది. సాయంత్రం అలసిపోయాక టక్కున నొక్కాలనుకున్నది కూడా బరువుగా దిగబడిపోయింది. ఒక టీచరమ్మ నోటినిండా నీళ్లు పోసుకుని పుక్కిలించి, ఉమ్మడానికి లేవబోతోంది. ఆమెని ఒక మెట్టు లేపుదామని డాక్టర్ గారు పెడల్ తొక్కారు. కుర్చీ ఆమెని వెల్లకిలా పడుకోబెట్టేసింది. ఆ నీళ్లు ఎక్కడెక్కడికి వెళ్లాయో నేను వర్ణించను, తుడిచింది నేనే కాబట్టి.

శుక్రవారం డీలరు కోటు పట్టుకొచ్చి కొలత చూస్తానన్నాడు. ఆగండి గారు వద్దనడానికి తగిన మాట వెతుక్కుంటుండగానే తొడిగేశాడు. చేతులు కోటు లోపలే ఉండిపోయాయి, వేళ్ల కొసలు మాత్రం బయటికి కనబడుతున్నాయి. అప్పుడే అక్కగారు లోపలికి వచ్చింది. నవ్వాల్సిన దృశ్యమే, నేను నవ్వడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ దగ్గరికెళ్లి కోటు గుండీలు ఒక్కొక్కటీ విప్పింది, విప్పి మడిచి డీలరు చేతిలో పెట్టింది. నేను అటు తిరిగి చీటీలు సర్దుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను, ఊరడించడానికి కాదు, నాలుగు దులపడానికి. ఆయన వసారాలో బల్ల ముందు కూర్చుని ఉన్నారు, కడ్డీ వేడెక్కించను కూడా లేదు. మీ చిప్పుకి తెలివి ఉంటే డాక్టర్ గారి ఆకలి కూడా లెక్కపెట్టమనండి అన్నాను. ఆకలిని ఎలా కొలవాలా అని ఆయన నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టారు. వంటింట్లోంచి కుక్కరు కూత వినిపించింది. అక్కగారు స్టవ్వు కట్టేసి చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఎంతసేపు ఉడకాలో నాకేం తెలుసండీ. కూత పెడితే దించుతాను, పెట్టకపోతే దించను. మావాడికి ఎంతసేపు తొక్కి పట్టాలో ఎవరు చెప్పారని? మీ కుర్చీ చేత కూడా ఒక కూత పెట్టించండి."

ఆయన ఆగండి అనలేదు. ఆ ఇంట్లో అది మొదటిసారి అయి ఉంటుంది. లేచి సొరుగులన్నీ తిరగేశారు. కూత పెట్టేది ఒకే ఒక్కటి దొరికింది, ఎవరిదో పాత చేతి గడియారం లోపలిది. అది పెట్టే కూత దోమ దగ్గినట్టు ఉంది. పెడల్ కొంచెంసేపు, అంటే రెండు ఊపిర్లు పీల్చి వదిలినంతసేపు, నొక్కి పడితే అది కీచుమంటుంది, అప్పుడు కుర్చీ పడుకుంటుంది. కూతకి ముందే కాలు తీస్తే చిన్న నొక్కే. సమయం ఎంతన్నది భార్యాభర్తలు బేరమాడి తేల్చుకున్నారు. ఆయన ఎక్కువ కావాలన్నారు, ఆవిడ తగ్గించింది.

శనివారం పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. బయటి గదిలో డీలరు, కాగితాలూ కోటూ ఒళ్లో పెట్టుకుని. లోపల ఒక గోడకి అక్కగారు, ఇంకో గోడకి ఆగండి గారు. నేను పట్టకారు పళ్లెంలో పెట్టి నిలబడ్డాను. కూత వచ్చేదాకా కాలు తీయొద్దని ఆగండి గారు చెబుతుండగానే డాక్టర్ గారు అర్థమైంది అని పెడల్ తొక్కి, తండ్రికి ధైర్యం చెప్పడం మొదలుపెట్టారు. నొప్పి తెలియదు నాన్నా, కుడివైపు పైపన్నే కదా, నిమిషంలో పని. ఆ మాటల్లో కూత వినబడలేదు. వచ్చేసింది కాబోలు అనుకుని కాలు తీశారు, పెద్దాయన ఒక మెట్టు లేచారు. కాలు తీసింది కూత రాకముందేనన్నమాట. ఇంకోసారీ అంతే. పెద్దాయన బస్సులో ముందు సీటు పట్టుకున్నవాడిలా నిటారుగా కూర్చున్నారు. బయటినుంచి డీలరు తొంగిచూశాడు. అక్కగారి పెదవులు తెల్లబడ్డాయి.

"కూత చిన్నది. మాట్లాడకుండా వినాలి" అన్నారు ఆగండి గారు.

డాక్టర్ గారు పళ్లు కొరుక్కుంటూ కాలు పెట్టి, నోరు మూసుకుని, చెవి కుర్చీ వైపు వంచారు. గదిలో చప్పుడు లేదు. ఆయన ఉండగా ఆ గదిలో చప్పుడు లేకపోవడం నేను ఎన్నడూ ఎరగను. గోడ గడియారానికి కూడా నడక ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"అటు కాదురా" అన్నారు పెద్దాయన. "ఎడమవైపు."

కీచుమని కూత వచ్చింది. కుర్చీ మెత్తగా వాలి, పెద్దాయన్ని బల్లపరుపుగా పడుకోబెట్టింది. డాక్టర్ గారు కాలు తీయడం మరిచిపోయి అలాగే తొక్కిపట్టి నిలబడ్డారు.

"ఏంటి నాన్నా?"

"ఎడమవైపు, కింద. మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. నువ్వు చెప్పనిస్తేగా."

ఆయన అద్దం పెట్టి చూశారు. ఎడమవైపు కింద, పంటికి వేసిన పాత తొడుగు వెనక చిగురు ఉబ్బి ఎర్రగా ఉంది. కుడివైపు పైపన్ను కూడా పుచ్చిందే, కాదనను. కానీ నిద్ర లేకుండా చేస్తున్నది అది కాదు. పట్టకారు కోసం చాచిన చెయ్యిని డాక్టర్ గారు వెనక్కి తీసుకున్నారు. కన్నతండ్రి పన్ను, ఇంకొక్క నిమిషం అయితే వేరేది ఊడబెరికి చేతిలో పెట్టేవారు. నాకు ఆయన మీద జాలేసింది. మనసులో మాత్రం, ఇంతకాలం ఈ కుర్చీలోంచి బుగ్గలు పట్టుకుని వెళ్లినవాళ్లందరూ ఏం చెప్పబోయారో అనిపించింది.

ఆ ఎడమవైపు పని ఆయన నెమ్మదిగా చేశారు, మధ్యలో రెండుసార్లు ఆగి తండ్రిని అడిగారు కూడా. అది అయ్యేసరికి డీలరు గుమ్మంలోకి వచ్చి, కుర్చీ సంగతి అలా ఉంచండి, ఇంతకీ మీ బావగారికి ఈ కోటు ఇచ్చి వెళ్లమంటారా అని అడిగాడు. డాక్టర్ గారు అలవాటు కొద్దీ బావ తరఫున చెప్పేయడానికి నోరు తెరిచారు. కుర్చీ పనిచేసింది, పందెం ఆయన ఓడిపోయారు, కాబట్టి ఆయన చెప్పేది ఏమిటో మాకందరికీ తెలుసు. అక్కగారు కూడా అదే మాట చెప్పడానికి ముందుకొచ్చింది. డాక్టర్ గారు అక్క వంక చూశారు, నోరు మూసుకున్నారు.

"బావా" అన్నారు. "నువ్వు చెప్పు."

ఆగండి గారు కళ్లజోడు తీశారు, చొక్కా అంచుతో తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. నాకు నాలుక దురదపెట్టింది, పళ్ల మధ్య పట్టి ఉంచాను. డీలరు ఏదో అనబోతే అక్కగారు అతని వైపు ఒక్క చూపు చూసింది.

"నాకు అమ్మడం రాదు" అన్నారు ఆయన. "ఆదివారం కూడా అదే చెబుదామనుకున్నాను. వసారాలో బల్ల ముందు కూర్చున్నంతసేపు నేను బాగుంటాను. నన్ను అక్కడే ఉండనివ్వండి."

అక్కగారు ముఖం గోడవైపు తిప్పుకుంది. ఇన్నేళ్లుగా భర్త తరఫున పోట్లాడుతూ వచ్చిన ఆవిడ కూడా ఆ మాట ఆయన నోటి వెంట వినడం అదే మొదటిసారి. ఆయన ఇంకా ఏదో చెప్పాలన్నట్టు పెదవి కదిపారు. ఎవ్వరం అడ్డు రాలేదు.